బాయి ఈతగాళ్లకు స్కూబా నేర్పబోయే ఇన్‌స్ట్రక్టర్లకు బహిరంగ లేఖ

హైదరాబాద్ ఈత కొలనుల్లోనూ, మురుడేశ్వర్, గోవా, పుదుచ్చేరి, విశాఖ, అండమాన్ తీరాల్లోనూ స్కూబా (సిలిండర్ గాలి పీలుస్తూ నీళ్ల కింద ఈదే విద్య) నేర్పుతున్న ఇన్‌స్ట్రక్టర్లందరికీ,

నల్లగొండ నుంచి ఒక ఈత మాస్టారు నమస్కారాలు.

సంక్రాంతి వెళ్లాక మా దిక్కు నుంచి నలుగురు పిల్లలు మీలో ఎవరో ఒకరి దగ్గరికి ఓపెన్ వాటర్ అనే మొదటి కోర్సుకు వస్తారు. పిల్లలంటే ఇరవై దాటినవాళ్లే. ఇద్దరివి సాగర్ నీళ్లలో వలలేసుకునే ఇళ్లు. ఒకడిది జూరాల దగ్గర పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) నడిపే ఇల్లు. నాలుగోవాడు మా తమ్ముడి కొడుకు, హాలియా పక్కన ఎడమ కాలువలో తేలుతూ పెరిగినవాడు. ఈత సంగతి వాళ్లకు మీరు చెప్పాల్సిందేమీ లేదు. కోర్సులో అడిగే 200 మీటర్ల ఈత, 10 నిమిషాలు తేలడం వాళ్లకు చాయ తాగినంత పని. చూడగానే ‘వీళ్లతో మనకు కష్టం లేదు’ అనుకుంటారు మీరు. నన్ను చూసి కూడా అట్లనే అనుకున్నారు. అందుకే ఈ లేఖ.

ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన జిల్లా నుంచి, నీళ్ల కింద ఊపిరి పీల్చే చదువు మీద ఉత్తరమేందని మా వాళ్లే నవ్వుతున్నారు. నవ్వనీ. మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు సేటుకు నా స్కూబా కార్డు (ప్యాడీ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్) చూపించి ‘ప్యాడీ వాళ్లు ఇచ్చిండ్రు’ అంటే, ‘ఏ వెరైటీ? సన్నాలా, దొడ్డా?’ అని అడిగాడు. అట్లాంటి చోటి నుంచి వస్తున్నారు మీ విద్యార్థులు.

మా దగ్గర ఈత ఎట్ల నేర్పుతారో ముందు మీకు చెప్పాలి. నడుముకు ఎండిన అనిగెపుకాయ (సొరకాయ) బుర్రో, ఇప్పుడైతే ఖాళీ ప్లాస్టిక్ డబ్బానో కట్టి బాయిలోకి తోసేస్తారు. తోసేది చాలాసార్లు మేనమామే. వారం తిరిగేసరికి బుర్ర విప్పుతారు. ఇంకో వారానికి గడ్డ మీది నుంచి దుంకుడు, ముక్కు రెండు వేళ్లతో మూసుకొని. ఆ తర్వాత మునుగుడు పందెం. రూపాయి బిళ్ల విసిరితే అడుగుకు పోయి తేవాలి. ఎవడు ఎక్కువసేపు ఊపిరి బిగబడితే వాడే మొనగాడు. మునిగే ముందు గబగబా పదిసార్లు ఊపిరి పీల్చి వదిలేవాళ్లం, అట్ల చేస్తే ఎక్కువసేపు ఉండొచ్చని. ఉండొచ్చు నిజమే. కానీ ‘ఇక గాలి కావాలి’ అనే కబురు మెదడుకు ఆలస్యంగా అంది, నీళ్లలోనే సోయి తప్పొచ్చని నాకు తెలిసేసరికి ముప్పై అయిదేళ్లు వచ్చాయి.

మా పెద్దనాయిన గజ ఈతగాడు. పేపర్లో ఆ మాట మీరు చదివే ఉంటారు, ‘గజ ఈతగాళ్లను రప్పించి గాలిస్తున్నారు’ అని. కాలువలోనో చెరువులోనో ఎవరైనా గల్లంతైతే ఠాణా నుంచి కబురు ఆయనకే వచ్చేది. నడుముకు తాడు కట్టుకొని, ఊపిరి బిగబట్టి, బురద చేత్తో తడుముకుంటూ వెతికేవాడు. ఆయనకు ఎడమ చెవి వినపడదు. మా ఇంట్లో ఎవరు మాట్లాడాలన్నా ఆయన కుడిపక్కకు వచ్చి కూర్చుంటాం. చెవిలో పోటు వస్తే పళ్లు బిగబట్టి ఇంకింత కిందికి పోవాలని ఆయనకు వాళ్ల నాయిన చెప్పాడు, మాకు ఆయన చెప్పాడు. ముక్కు పట్టుకొని మెల్లగా గాలి ఊది చెవులు తెరిపించుకోవచ్చని, అదీ నొప్పి మొదలుకాకముందే చేయాలని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఊపిరి బిగబట్టుడు, నొప్పికి ఓర్చుకొనుడు, చేతులతో నీళ్లను కోసుకుంటూ పోవుడు. బాయి మాకిచ్చిన విద్యంతా ఈ మూడే. సిలిండర్ వీపుకు తగిలించుకున్నాక ప్రాణం మీదికి తెచ్చేవీ ఈ మూడే. మీ దగ్గరికి వచ్చే నగరం పిల్లలకు నీళ్లంటే భయం ఉంటుంది, ఆ భయం మీకు కనపడుతుంది, దానికి మందు మీకు తెలుసు. మా వాళ్లలో భయం కనపడదు. కనపడనిది అలవాటు. దాన్ని మాన్పించడానికి మామూలు కోర్సులో ఎవరూ టైం పెట్టుకోరు.

నా సంగతి చెప్తా. కొన్నేళ్ల కింద ఒక చోట కోర్సులో చేరాను. ఎక్కడ, ఎవరి దగ్గర అన్నది ఇక్కడ అవసరం లేదు. వాళ్లు దుర్మార్గులేం కారు, హడావుడి మనుషులు. కొలనులో ఏడుగురిని వరుసగా అడుగున మోకాళ్ల మీద కూర్చోబెట్టారు, బడిలో గోడకుర్చీ వేయించినట్టు. నోట్లోంచి రెగ్యులేటర్ (సిలిండర్ గాలి అందించే గొట్టం) తీసి మళ్లీ పెట్టుకో, టిక్కు. మాస్క్‌లోకి సగం నీళ్లు రానిచ్చి ముక్కుతో ఊది వెళ్లగొట్టు, టిక్కు. పక్కవాడి అదనపు రెగ్యులేటర్ తీసుకొని పీల్చు, టిక్కు. నేల మీద మోకాలు ఆనిచ్చుకొని ఇవన్నీ నేను మొదటిసారే చేశాను. ‘సూపర్ సార్, మీరు పుట్టుకతోనే డైవర్’ అన్నాడు నేర్పే అబ్బాయి. పొంగిపోయాను కూడా.

సముద్రంలో మోకాళ్లు ఆనించడానికి నేల ఏది? నడుముకు 10 కిలోల సీసం కట్టారు. విద్యార్థి మునగకపోతే పడవ మీద టైం పోతుంది కదా, అందుకని రెండు బిళ్లలు ఎక్కువే వేస్తారు. రాయి పడ్డట్టు పడ్డాను. 11 మీటర్ల దగ్గర బండకు మోకాలు కొట్టుకుంది. ఒంటి మీద గాలి నింపితే తేల్చే జాకెట్ ఉంటుంది. జాకెట్‌లోకి గాలి కొట్టాను, లేవలేదు. ఇంకింత కొట్టాను. ఒక్కసారిగా లేవడం మొదలైంది. లేస్తుంటే ఆ గాలి ఉబ్బుతుంది, ఉబ్బితే ఇంకా లేపుతుంది. ఆ క్షణంలో నా ఒళ్లు బాయిలో నేర్చిందే చేసింది. చేతులు రెండూ ఆడించాను, నోరు బిగించాను.

ఒక్కటే గుర్తుంది. అప్పటిదాకా చెవుల పక్క బుడబుడమంటున్న బుడగల చప్పుడు ఆగిపోయింది. నీళ్లంతా నిశ్శబ్దం. వెనక నుంచి ఎవరో నా కాలి ఫిన్ (ఈత రెక్క) పట్టి గుంజి, ఛాతీ మీద అరచేత్తో కొట్టారు. ఆ దెబ్బకు నోట్లోని గాలి భళ్లున బయటికి పోయింది. అదే నన్ను కాపాడింది.

మీకు చెప్పేదేముంది గానీ, ఇది మా పిల్లలు కూడా చదువుతారు కాబట్టి రాస్తున్నా. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెండింతలు. అక్కడ సిలిండర్ గాలిని నిండుగా పీల్చి, బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెండింతలు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తులు అంత సాగవు. నిండు ఊపిరితో మీటరున్నర లేచినా పగలొచ్చు. బాయిలో గట్టు మీద పీల్చిన గాలితోనే మునిగి, దాంతోనే తేలుతాం. అది లోతున కుదించుకుపోయి, పైకి వచ్చేసరికి మళ్లీ ఎంత ఉండేదో అంతే అవుతుంది. పెద్దనాయిన చెవి పోయినా ఊపిరితిత్తులు దక్కింది అందుకే. సాగర్ పిల్లగాడికి ‘ఊపిరి బిగబట్టొద్దు’ అని ఒక వాక్యం చెప్పి, సరే అనిపించుకొని, పరీక్షలో ఆ ప్రశ్నకు మార్కు వేస్తే సరిపోదు. వాడి తల ఒప్పుకుంటుంది. ఛాతీ ఒప్పుకోదు.

ఆ సాయంత్రమే నాకు కార్డు చేతికొచ్చింది. 18 మీటర్ల దాకా ఎక్కడైనా దిగొచ్చట.

రెండేళ్లు దాన్ని బీరువాలో పెట్టాను. తర్వాత అండమాన్‌లో, హేవ్‌లాక్ అని మనం పిలిచే స్వరాజ్ ద్వీప్‌లో, ఒక అక్క దగ్గర మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. అక్క అంటున్నా గానీ నాకంటే పదేళ్లు చిన్నది. వయసుకు కాదు, విద్యకు పిలుస్తున్నా. ఆమె నా కార్డు చూసింది, పక్కన పెట్టింది. ‘ఇయ్యాల ఏమీ నేర్పను. నీళ్లలో ఏమీ చేయకుండా ఉండడం చూద్దాం’ అంది హిందీలో.

మెడ దాకా నీళ్లున్న చోట నిలబెట్టి, కాళ్లు ముడవమని, జాకెట్‌లో గాలంతా తీయించింది. మామూలుగా ఊపిరి పీల్చి ఆగమంది. నీళ్లు కళ్ల దగ్గర ఆగాలి. నేను బుడుక్కున మునిగాను. బెల్టు నుంచి ఒక కిలో బిళ్ల తీసి ఇసుకలో పెట్టింది. మళ్లీ మునిగాను. ఇంకో బిళ్ల. అట్ల ఒక్కొక్కటే తీస్తూ, ఇసుకలో వరుసగా పేర్చుతూ పోయింది. 9 కిలోలతో దిగినవాడిని 5 కిలోల దగ్గర తేలాను. సిలిండర్ ఖాళీ అవుతున్న కొద్దీ మొత్తం రెండు కిలోల దాకా తేలికవుతుందని, అందుకే డైవ్ చివర 50 బార్ ఒత్తిడి గాలే మిగిలినప్పుడు ఇంకోసారి చూడాలని చెప్పి, నిజంగానే చివర ఇంకోసారి చూసింది. బరువు చూడడానికే గంట పట్టింది. నా మొదటి కోర్సులో దానికి పట్టింది అర నిమిషం. ‘మీ వెయిట్ ఎంత సార్? ఎనభయ్యా? అయితే పది వేసుకోండి’ అన్నారు, అంతే.

ఆ ఎక్కువైన 4, 5 కిలోలే నన్ను ఆ రోజు చంపబోయాయని అప్పుడు అర్థమైంది. 4 కిలోలు ఎక్కువ కడితే, నిలబడడానికి జాకెట్‌లో 4 లీటర్ల గాలి ఎక్కువ నింపాలి. 10 మీటర్ల నుంచి పైకి వచ్చేసరికి అది 8 లీటర్లు. తలుపు గడియ మీరే తీసిపెట్టి, దొంగ వచ్చాడంటే ఎట్ల?

మధ్యాహ్నం రెండు మీటర్ల నీళ్లలో బోర్లా పడుకోబెట్టింది. నేల మీద కాదు, నేలకు మూరెడు పైన. అర లీటరు గాలి ఎక్కువ పీల్చితే అర కిలో తేలికవుతాం, వదిలితే అంత బరువవుతాం. ఆ అర కిలోతోనే పైకీ కిందికీ పోవాలి, జాకెట్ బటన్ ముట్టొద్దు. మొదట కప్పలా ఎగిరాను, పడ్డాను. చేతులు వాటంతట అవే నీళ్లు కోస్తున్నాయి. ఆమె వచ్చి నా కుడి చెయ్యి తీసి ఎడమ చేతిలో పెట్టింది, గుళ్లో దండం పెట్టించినట్టు. వదిలితే మళ్లీ పెట్టింది. ఆ సాయంత్రానికి ఒక గడియలో అంతా ఆగిపోయింది. కింద ఒక చిన్న పీత ఇసుక తవ్వుకుంటోంది. నేను దాని మీద నీడలా నిలబడి ఉన్నాను, ఏమీ చేయకుండా. పాతికేళ్ల ఈతలో ఎప్పుడూ అట్ల లేను.

మాస్క్ తీయడం, రెగ్యులేటర్ వెతుక్కోవడం ఇవన్నీ రెండో రోజే, అదీ అట్ల తేలుతూనే. మాస్క్‌లోకి నీళ్లు రాగానే నేను నిండుగా పీల్చి బిగబట్టేవాణ్ని, వెంటనే మీటరు లేచేవాణ్ని. నేల మీద మోకాళ్లు ఆనించి చేసినప్పుడు కూడా అట్లనే బిగబట్టి ఉంటాను, కాకపోతే 10 కిలోల సీసం కింద అది ఎవరికీ తెలియలేదు. ఇక్కడ దాగదు. లేస్తే బిగబట్టినట్టే. లేచినప్పుడల్లా ఆమె తన చెవి వైపు వేలు చూపేది. పైకి వచ్చాక చెప్పింది: ‘నీ బుడగల చప్పుడు నాకు వినపడాలి. నీకూ వినపడాలి. ఆగిందంటే తప్పు చేస్తున్నావు.’ ఆ ఒక్క మాటతో నా బాయి అలవాటుకు ముకుతాడు పడింది. పదకొండుసార్లు చేయించింది. పన్నెండోసారి లేవలేదు.

ఇన్‌స్ట్రక్టర్ గార్లూ, మిమ్మల్ని నేను అడిగేది ఇదే. మా వాళ్లకు ముందు నడినీళ్లలో నిలకడ నేర్పండి, మిగతావన్నీ ఆ నిలకడలో ఉండగానే చేయించండి. మోకాళ్ల మీద చేయించిన పని సముద్రానికి పనికిరాదు. ఇది నా సొంత కవిత్వమేమీ కాదు. న్యూట్రల్ బోయన్సీ అని మీ పుస్తకాల్లో ఉన్నదే. నైపుణ్యం వచ్చిందని ఎప్పుడు అనాలో కూడా ప్యాడీ వాళ్లే రాసి పెట్టారు: ఇబ్బంది లేకుండా, సాఫీగా, మళ్లీ మళ్లీ చేయగలిగినప్పుడు. ఒక్కసారి చేసి దగ్గుతూ పైకి వచ్చినవాడికి టిక్కు పెట్టమని ఎక్కడా లేదు.

మీ కష్టం తెలియక కాదు. సముద్రంలో ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఎనిమిది మంది దాకా ఉండొచ్చని నియమం. ఎనిమిది మంది ఎనిమిది దిక్కులకు తేలిపోతుంటే ఒక్క మనిషి ఎవర్ని చూస్తాడు? వరుసగా కూర్చోబెడితే కనీసం కళ్ల ముందుంటారు. నేనూ మాస్టారునే. ఏప్రిల్, మే వచ్చిందంటే మా కొలనులో ఒక్కో బ్యాచ్‌కు ముప్పై మంది పిల్లలు. ఏళ్ల తరబడి నేనూ వాళ్లకు గట్టు పట్టించి వారం రోజులు కాళ్లు కొట్టించాను. గట్టు పట్టుకున్నంత సేపూ చేపల్లా కొట్టేవాళ్లు, వదిలితే మునిగేవాళ్లు. గట్టు పట్టుకోవడంలోనే ఆరితేరారు పాపం. అండమాన్ నుంచి వచ్చాక మార్చాను. ఇప్పుడు మొదటి మూడు రోజులూ ముఖం నీళ్లలో పెట్టి చచ్చిన చేపలా తేలడమే. తల్లిదండ్రులు గట్టు మీది నుంచి ‘సార్, ఏం నేర్పుతలేరు’ అని గులుగుతారు. నాలుగో రోజుకు వాళ్లే నోరు మూసుకుంటారు. బ్యాచ్‌ను మాత్రం పదిహేనుకు తగ్గించాల్సి వచ్చింది. ఆ పైసల నష్టం నాకు తెలుసు, మీకు నలుగురితో బ్యాచ్ నడపమంటే ఎంత నష్టమో కూడా ఊహించగలను. మా నలుగురూ కలిసే వస్తారు, వాళ్లే ఒక బ్యాచ్ అనుకోండి. ఒక రోజు ఎక్కువైతే ఆ రోజు ఫీజు వేరుగా తీసుకోండి. వాళ్లు తెచ్చేవి రెండు మూడు నెలల చేపల పైసలు, అయినా ఆ ఒక్క రోజు దగ్గర పిసినారితనం వద్దని చెప్పే పంపుతున్నా.

మా వాళ్ల దగ్గర మీకు పనికొచ్చేవీ ఉన్నాయి, వాటిని పాడుచేయకండి. బాయిలో అందరికీ కప్ప ఈత వస్తుంది. నా మొదటి కోర్సులో దాన్ని మాన్పించి, కాళ్లు పైకీ కిందికీ కత్తెరలా ఆడించమన్నారు. అండమాన్ అక్క చూసి, ‘ఇంత మంచి తన్ను పెట్టుకొని అదెందుకు?’ అంది. మోకాలు మడిచి, పాదాలు వెనక్కి తోసి, జారుతూ పోయే కప్ప తన్నే అడుగున మట్టి లేపకుండా పోనిస్తుంది. మీకు పగడాల మీద ప్రేమ కొద్దీ అది కావాలి. మాకు కళ్లు కనపడడానికి కావాలి. సాగర్‌లో, డిండిలో అడుగంతా ఒండ్రు. నిటారుగా నిలబడి రెండు తన్నులు తన్నితే కాటుక డబ్బాలో దూరినట్టే, పక్కనున్న బడ్డీ (జతగా దిగిన డైవర్) కూడా కనపడడు. ఒళ్లు బల్లపరుపుగా ఉండాలనేది అందం కోసం కాదని మా వాళ్లకు ఒక్కసారి చెబితే చాలు.

జూరాల పిల్లగాడు ఇంకా నయం. పుట్టిలో పుట్టి పెరిగినవాడికి కదలకుండా ఉండడం తెలుసు. అటూ ఇటూ మెదిలితే పుట్టి గిరగిరా తిరుగుతుందని వాడికి అయిదో ఏటనే తెలుసు. నలుగురిలో నిలకడ ముందు వాడికే వస్తుందని నా పందెం. వాడి దగ్గర ఇంకో సంగతి చెప్పాలి మీరు. జూరాల నిండితే నీటి మట్టం సముద్రానికి 318 మీటర్ల పైన. 300 మీటర్లు దాటితే ఎంత లోతున ఎంతసేపు ఉండొచ్చనే డైవింగ్ లెక్కలు వేరని మీ పుస్తకాలే చెప్తాయి. సాగర్ 590 అడుగులే కాబట్టి ఆ గొడవ లేదు. మహబూబ్‌నగర్ దిక్కు చాలా చెరువులకు ఉంది. సముద్రం దగ్గర కూర్చొని నేర్పేవాళ్లకు ఈ ఆలోచన రాదు, తప్పు పట్టను. అట్లనే ఉప్పునీళ్లలో సరిపోయిన బరువు మంచినీళ్లలో ఎక్కువవుతుంది, మనిషినిబట్టి రెండు మూడు కిలోలు. ఇంటికి వచ్చాక ఏ బెల్టు కట్టుకోవాలో వాళ్లకు లెక్క చెప్పి పంపండి.

భాష. నలుగురూ తెలుగు మీడియమే. మీ వీడియోలు ఇంగ్లిష్‌లో, మీ బ్రీఫింగ్ హిందీలో. తలలు ఊపుతారు, ఊపితే అర్థమైందని అనుకోకండి, నా ఎదుట కూడా అట్లనే ఊపుతారు. ‘ఈక్వలైజ్’ అనే బదులు ‘చెవులు తెరిపించుకో, మీటరు మీటరుకూ, నొప్పి రాకముందే’ అనండి. నొప్పి వస్తే ఆగి, కొంచెం పైకి రావాలని, ఓర్చుకోవడం మొనగాడితనం కాదని నాలుగుసార్లు చెప్పండి. వాళ్లకు అది పుట్టింట్లో నేర్చినదానికి ఉల్టా. బొటనవేలి సంగతి కూడా ముందే తేల్చండి. మా దగ్గర బొటనవేలు పైకి చూపితే ‘మస్తుంది’ అని. మీ దగ్గర ‘పైకి పోదాం’ అని. నా మొదటి డైవ్‌లో ఒక పెద్ద చేపను చూసిన సంబరంలో బొటనవేలు చూపిస్తే, డైవ్ మాస్టర్ నన్ను చెయ్యి పట్టుకొని పడవెక్కించాడు. పైకి వచ్చి ‘ఏమైంది?’ అని ఆయన, ‘ఏమైంది?’ అని నేను.

ఒక పక్క మాట. పర్యాటకుల వెనక నిలబడి, సిలిండర్ మెడ పట్టుకొని, సంతలో దూడను తిప్పినట్టు పదిహేను నిమిషాలు తిప్పి వీడియో తీసిచ్చే పని మీలో చాలామందికి కడుపు నింపేది. దాన్ని తప్పనను. కానీ పొద్దున్నుంచి అట్ల ఆరుగురిని తిప్పిన మనిషిని సాయంత్రం కోర్సు పిల్లల దగ్గరికి పంపకండి. మనిషి అలిసిపోయి ఉంటే విద్యార్థి మీద ముందు పోయేది ఓపిక. నీళ్లలో విద్యార్థి నేర్చుకునేది మాటతో కాదు, చూసి. మీరు మోకాళ్ల మీద నిలబడి చూపిస్తే వాడూ మోకాళ్ల మీదే నిలబడతాడు. అక్క ఒక్కో పనినీ తేలుతూ, కావాలనే నత్తనడకన చేసి చూపేది. తర్వాత నన్ను ఫోన్‌లో వీడియో తీసి చూపించింది. నేను బల్లపరుపుగా ఉన్నాననే అనుకున్నా. చూస్తే, కాళ్లు కిందికి వేలాడేసుకొని, చెట్టు ఎక్కబోతున్న మనిషిలా ఉన్నాను. నూరు మాటలు చెప్పినా నమ్మేవాణ్ని కాదు.

ఈ నలుగురూ ఎందుకు నేర్చుకుంటున్నారో కూడా దాచను. పెద్దనాయిన ముసలివాడయ్యాడు. ఇప్పుడు కబురు ఈ పిల్లలకు వస్తోంది. తాడు కట్టుకొని, ఊపిరి బిగబట్టి వాళ్లే దిగుతున్నారు. మీ కోర్సు చేసినంత మాత్రాన వాళ్లు శవాలు వెతికే డైవర్లు అయిపోరని నాకు తెలుసు, వాళ్లకూ చెప్పాను. కనపడని నీళ్లలో, తెగిన వలల మధ్య, మునిగిన తుమ్మచెట్ల మధ్య దిగడానికి వేరే శిక్షణ, వేరే సామాను, పైన తాడు పట్టుకునే మనిషి, అధికారుల అనుమతి అన్నీ కావాలి. అదంతా తర్వాతి మెట్టు. మొదటి మెట్టే వంకరగా కడితే ఆ పైన ఏం కడతాం? మీరు కూడా వాళ్ల ధైర్యం చూసి ‘అడ్వాన్స్‌డ్ కూడా చేసెయ్యండి, డిస్కౌంట్ ఇస్తాం’ అనొద్దు. ఇరవై డైవ్‌లు అయ్యాక అడగండి.

సాగర్ పిల్లలిద్దరికీ ఇంకో పిచ్చి కూడా ఉంది. నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల విజయపురి నీళ్ల కింద ఉందని, ఆనకట్ట కట్టే ముందు తవ్వి కొన్నింటిని కొండ మీదికి, అనుపుకు తరలించారని బడిలో విన్నారు. మిగిలింది ఒకసారి చూడాలట. ఆ నీళ్లలో అనుమతి లేకుండా దిగేది లేదని, దిగినా ఒండ్రులో చెయ్యి కూడా కనపడదని చెప్పాను. నిరాశపడ్డారు. సముద్రంలో పగడాలు చూపించి మీరే ఓదార్చండి.

ఫోన్ నేనే చేస్తాను మీకు. ఫీజు ఎంత, ఎన్ని రోజులు అని అడిగే ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. బరువు చూడడానికి ఎంతసేపు కేటాయిస్తారు? మాస్క్ తీయించేటప్పుడు మోకాళ్ల మీద కూర్చోబెడతారా, తేలుతూ చేయిస్తారా? ‘అన్నీ స్టాండర్డ్ ప్రకారమే సార్’ అంటే ఫోన్ పెట్టేస్తాను. ‘మొదటి రోజు ఏమీ చేయించం, ఊరికే తేలమంటాం’ అని మీలో ఎవరైనా అన్నారంటే, కనుమ మరునాడు రాత్రి బస్సుకు నలుగురికీ టికెట్లు తీస్తాను. సకినాలు, అరిసెలు డబ్బా నిండా కట్టి పంపుతాను. డైవ్‌కు ముందు మాత్రం పెట్టకండి.

ఇట్లు,
నల్లగొండ నుంచి ఒక ఈత మాస్టారు